సూరత్ రూపాయికి ఎన్ని మార్కులు?

మూడున్నర శతాబ్దాల కిందట సూరత్ షరాబు ఒక్క ఉలిపోటుతో నాణెం సంగతి తేల్చేవాడు. ఇప్పుడు అమెరికాలో నిపుణులు దీపం కింద తిప్పి చూసి 1 నుంచి 70 వరకు అంకె వేస్తున్నారు. ఆ అంకె ఎలా పుడుతుంది? మన నాణేలకు ఎంతవరకు సరిపోతుంది?

ఔరంగజేబు కాలపు సూరత్ రూపాయిని అరచేతిలో వేసుకుంటే ముందు తెలిసేది బరువు. దాదాపు పదకొండున్నర గ్రాములు. ఇప్పుడు మనం చిల్లరగా ఇచ్చే రూపాయి బిళ్లలు మూడు కలిపితే గానీ అంత తూగవు. వెండి మేలిమిది. రాజు బొమ్మ లేదు. ఒకవైపు పాదుషా పేరు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. రెండోవైపు పట్టాభిషేకమై ఎన్నో ఏడో చెప్పే అంకె, ఆ రూపాయి ఏ ఊరి టంకశాలలో పుట్టిందో చెప్పే పేరు ఉంటాయి. అన్నీ పారశీక లిపిలో.

ఇంకాస్త దగ్గరగా చూస్తే, చాలా రూపాయల మీద అంచు పక్కనో అక్షరాల మధ్యనో చిన్న చిన్న పోట్లు కనిపిస్తాయి. ఒకచోట చుక్క, మరోచోట పువ్వులాంటి ముద్ర, ఇంకోచోట గీత. ఇవి టంకశాల వేసినవి కావు. నాణెం బజారులోకి వచ్చాక షరాబులు, అంటే నాణేలు పరీక్షించి మార్చే వర్తకులు, వేసినవి. వెండి పూత కింద రాగి దాగుందేమో తెలుసుకోవడానికి ఉలితో పొడిచి, లోపలి లోహం చూసి, 'ఇది నేను చూశాను, మంచిదే' అని తమ గుర్తు వదిలేవారు. తర్వాత చేతులు మారిన ప్రతిచోటా ఆ గుర్తు నాణేనికి సాక్ష్యం పలికేది.

అదే రూపాయిని ఈ రోజు అమెరికాలోని గ్రేడింగు సంస్థ బల్ల మీద పెడితే ఆ గుర్తుల్నే లోపంగా రాస్తారు. చాలాసార్లు అంకె దక్కదు. 'డిటెయిల్స్' అనే మాట పక్కన 'చాప్‌మార్క్' అనో, పరీక్ష గుర్తులున్నాయనో ముద్రించిన చీటీతో, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి తిరిగి పంపుతారు. ఒకనాడు నమ్మకం తెచ్చిన గుర్తే ఇప్పుడు ధర తగ్గించే మచ్చ అయింది. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే సూరత్ బజారు నుంచే బయలుదేరాలి.

వెండి దిగే రేవు

అక్బర్ 1573లో సూరత్‌ను గెలిచాడు. తర్వాతి నూరేళ్లలో తాపీ ఒడ్డున ఉన్న ఈ ఊరు మొఘల్ సామ్రాజ్యానికి పెద్ద రేవైంది. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడెక్కేవారు. అందుకే కొన్ని నాణేల మీద సూరత్ పేరుకు ముందు 'శుభప్రదమైన రేవు' అనే అర్థమిచ్చే 'బందర్-ఎ-ముబారక్' అనే బిరుదు కనిపిస్తుంది. ఎర్ర సముద్రం నుంచి వచ్చే ఓడల్లోనూ, యూరోపు కంపెనీల ఓడల్లోనూ స్పెయిన్ వారి వెండి రియాళ్లు పెట్టెలకొద్దీ దిగేవి. పరదేశపు నాణెం ఇక్కడి బజారులో చెల్లదు. దాన్ని టంకశాలకు పట్టుకెళ్లి, కరిగించి, రూపాయలుగా కొట్టించుకోవాలి. ఓడలొచ్చిన రుతువులో టంకశాల ముందు వెండి పేరుకుపోయేది. వరస వచ్చేదాకా ఆగలేని వర్తకుడు షరాబు దగ్గరకే వెళ్లేవాడు. ఇంగ్లిషు కంపెనీకి కూడా అప్పులిచ్చిన విర్జీ వోరా వంటి కుబేరులు ఈ ఊళ్లోనే ఉండేవారు.

ఆ రోజుల్లో రూపాయి అంటే రూపాయే అనుకుంటే పొరపాటు. పాలిస్తున్న పాదుషా పేరుతో, ఈ ఏడే కొట్టిన రూపాయిని 'సిక్కా' అనేవారు. దానికి నిండు విలువ. అదే పాదుషా కాలంలో కొన్నేళ్ల కిందట కొట్టినది 'చలానీ'. దాని మీద కొంత వట్టం కోసేవారు. వెనకటి పాదుషాల పేరున్నది 'ఖజానా'. దాని లెక్క మళ్లీ వేరు. నాణెం మీద ఉన్న సంవత్సరమే దాని వయసు చీటీ. వయసు పెరిగిందంటే చేతులు మారింది, చేతులు మారిందంటే అరిగింది అని లెక్క. అరుగుదలకు ఎంత కోయాలన్న దాని మీద అక్బర్ కాలంలోనే నియమాలున్నాయి. ఐన్-ఎ-అక్బరీలో అబుల్ ఫజల్ టంకశాల పనివాళ్ల గురించి, మేలిమి పరీక్ష గురించి, బరువు తగ్గిన నాణేల లెక్క గురించి ఓపికగా రాశాడు.

అదే శతాబ్దంలో మన గోల్కొండ రాజ్యంలో పరిస్థితి తలకిందులుగా ఉండేది. అక్కడ బంగారు వరహాల్లో కొత్తదాని కన్నా పాతదానికే ఎక్కువ విలువ పలికేదని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాసిపెట్టాడు. సూరత్‌లో పాతబడితే కోత, గోల్కొండలో పాతబడితే పైమొత్తం. ఈ రెండు బజార్ల మధ్య తిరిగే వర్తకుడు ఎంత గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేదో ఊహించండి. నాణెం స్థితిని అంచనా కట్టి ధర చెప్పడం ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో పుట్టిన విద్య అని చాలా పుస్తకాల ధోరణి. ఆ విద్య మన షరాబుల పెట్టెల దగ్గర అప్పటికే నిత్యకృత్యం. తేడా ఒక్కటే. షరాబు చూసింది లోపలి వెండిని, దాని బరువుని. ఇప్పటి గ్రేడరు చూసేది పైచర్మాన్ని.

ఈ వట్టం గోల వదిలించుకోవడానికి ఈస్టిండియా కంపెనీ ఒక ఉపాయం పన్నింది. నాణెం మీద సంవత్సరాన్ని కదలకుండా ఆపేసింది. బెంగాలులో షా ఆలం పాదుషా 19వ పాలనా సంవత్సరాన్ని, సూరత్ రూపాయి మీద 46వ సంవత్సరాన్ని అచ్చులో స్థిరం చేసి, ఏళ్లు గడిచినా అదే అంకెతో కొట్టించింది. బెంగాలులో ఆ ఏర్పాటు ఉద్దేశం స్పష్టమే: అన్ని రూపాయలదీ ఒకే వయసైతే వయసు చూపి కోయడం కుదరదు. చివరకు 1835లో నాలుగో విలియం బొమ్మతో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. 180 గ్రెయిన్ల బరువు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. యంత్రం మీద గుండ్రంగా, ఒక్క తీరుగా పడిన రూపాయి అది. షరాబు ఉలికి పని తగ్గింది.

డెబ్బై ఎందుకు?

ఇప్పుడు అమెరికా వెళ్దాం. విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు పాత అమెరికన్ పెద్ద సెంట్లంటే ప్రాణం. 1949లో వాటి మీద పుస్తకం రాస్తూ ఒక కొలమానం ప్రతిపాదించాడు. ఏ నాణెమో గుర్తుపట్టడానికి మాత్రమే వీలయ్యేంతగా అరిగిపోయిన 1794 నాటి సెంటుకు 1. టంకశాల నుంచి ఇప్పుడే వచ్చినట్టున్న సెంటుకు 70. అప్పటి బజారులో మేలైనదాని ధర అధమమైనదాని ధరకు సుమారు 70 రెట్లు ఉండేది కాబట్టి ఆ అంకె. అంటే అది మొదట్లో ధరల పట్టిక. కొద్దికాలానికే ధరలు మారిపోయి ఆ లెక్క చెదిరింది. అంకెలు మాత్రం నిలిచాయి. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1970లలో వాటిని అన్ని నాణేలకూ వర్తింపజేసింది.

షెల్డన్ గురించి మరో సంగతి కూడా చెప్పాలి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భద్రపరిచిన మంచి సెంట్లను తీసుకుని, వాటి స్థానంలో తక్కువ రకం పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. స్థితిలో ఒక్క మెట్టు తేడా కోసం ఇంత పెద్ద పండితుడు అంత పని చేశాడంటే, ఈ మెట్ల మధ్య ఎంత డబ్బు, ఎంత మోజు దాగున్నాయో తెలుస్తుంది.

అమ్మేవాడే గ్రేడు చెబితే ఏమవుతుంది? అమ్మేటప్పుడు 'కొత్తదానిలా ఉంది' అన్నవాడే కొనేటప్పుడు 'బాగా అరిగింది' అంటాడు. ఈ తగవు తీర్చడానికే మూడో మనిషి వచ్చాడు. పీసీజీఎస్ 1986లో కాలిఫోర్నియాలోనూ, ఎన్‌జీసీ 1987లోనూ మొదలయ్యాయి. ఎన్‌జీసీ కేంద్రం ఇప్పుడు ఫ్లోరిడాలోని సరసోటాలో ఉంది. నాణేన్ని చూసి, అసలుదో నకిలీదో తేల్చి, అంకె వేసి, తెరిస్తే తెలిసిపోయేలా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇవ్వడం వీటి పని. సేకర్తలు ఆ డబ్బాను 'స్లాబ్' అంటారు. చీటీ మీది నంబరును సంస్థ జాబితాలో సరిచూసుకోవచ్చు. దాంతో చూడకుండానే నాణెం కొనే వీలు కలిగింది. ఏ ఊళ్లో ఉన్నా, ఏ భాష మాట్లాడినా '65' అంటే కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకే అర్థం.

కొలమానంలో 1 నుంచి 58 దాకా వాడిన నాణేలు. గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, ఆపైన 50 నుంచి 58 దాకా 'ఏబౌట్ అన్‌సర్క్యులేటెడ్'. 60 నుంచి 70 దాకా 'మింట్ స్టేట్', అంటే బజారు మొహం చూడనివి. పేర్లు చూసి మోసపోకూడదు. 'గుడ్' అన్న నాణెం నిజానికి బాగా అరిగినది. మన వేలం కేటలాగుల్లోనూ ఇవే మాటలు పొట్టి అక్షరాలతో కనిపిస్తాయి. ముంబయి, అహ్మదాబాదు, బెంగళూరు వేలాల్లో కొనదలచినవాళ్లు ముందు ఈ మెట్లు వంటబట్టించుకోవాలి.

దీపం కింద నాణెం

గ్రేడింగు గదిలో వెలుతురు తక్కువ. బల్ల మీద ఒక్క దీపం. గ్రేడరు నాణేన్ని అంచులతో పట్టుకుని దీపం కింద నెమ్మదిగా వంచి తిప్పుతాడు. అది ఎవరిదో అతనికి తెలియదు. ఒకరి తీర్పు ఇంకొకరికి చూపించరు. కనీసం ఇద్దరు వేర్వేరుగా చూశాక, తుది మాట చెప్పే సీనియరు అంకె ఖాయం చేస్తాడు. యంత్రాలు బరువు తూచడానికీ, లోహం తేల్చడానికీ ఉన్నాయి. అంకె మాత్రం మనిషి కంటిదే.

ఆ కన్ను ఏం వెతుకుతుంది? మొదట ఎత్తుగా ఉన్న చోట్లు. నాణెం జేబులో, సంచిలో, వేళ్ల మధ్య రాపిడికి గురైనప్పుడు ముందు అరిగేవి అవే. అయిదో జార్జి రూపాయి తీసుకుంటే కిరీటం పైభాగం, కనుబొమ, గడ్డం, భుజం మీది వస్త్రపు పని. అక్కడ గీతలు కలిసిపోయి నున్నబడ్డాయా? ఇక్కడ అసలు చిక్కొకటి ఉంది. అచ్చు సరిగా పడకపోయినా అక్కడ గీతలు ఉండవు. అరిగిపోవడం వేరు, పుట్టుకలోనే పడకపోవడం వేరు. తేడా చెప్పేది మెరుపు. అచ్చు కొట్టిన దెబ్బకు లోహం పక్కలకు పారినప్పుడు ఉపరితలం మీద కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి. నాణేన్ని తిప్పినకొద్దీ వెలుగు ఆ గీతల మీదుగా గుండ్రంగా తిరుగుతుంది. అరిగిన చోట ఆ వెలుగు తెగుతుంది. అచ్చు పడని చోట తెగదు. ఇది ఫొటోలో తెలియదు, చేతిలో పట్టుకుని తిప్పాల్సిందే.

తర్వాత దెబ్బలు. టంకశాల నుంచి సంచుల్లో పోసి పంపిన నాణేలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. బజారుకు పోకపోయినా మచ్చలు పడతాయి. విక్టోరియా రాణి చెంప మీద పడిన గంటు అక్షరాల చాటున పడిన గంటు కన్నా ఎక్కువ మార్కులు పోగొడుతుంది. ఆపైన చివరి సంగతి, నాణెం మొత్తంగా కంటికి ఎలా ఆనుతోందన్నది. దీనికి ఏ కొలతా లేదు. అందుకే 58 వచ్చిన నాణెం ఒక్కోసారి 60 వచ్చినదాని కన్నా అందంగా ఉంటుంది. మొదటిది ఎవరి జేబులోనో కాసేపు ఉండి కిరీటం దగ్గర రవ్వంత అరిగినది. రెండోది బజారు చూడలేదు గానీ సంచిలో ఒళ్లంతా గాట్లు పడినది. కొలమానం కింది మెట్టున నిలబెట్టిన దాన్నే కొనుక్కునే అనుభవజ్ఞులైన సేకర్తలు ఎందరో ఉన్నారు. వాళ్ల పక్షమే నాదీ.

ఇక 70. అయిదు రెట్లు పెద్దదిగా చూపే అద్దంలోనూ టంకశాల దాటాక కలిగిన లోపం కనిపించకూడదు. ఇప్పటి టంకశాలలు సేకర్తల కోసమే జాగ్రత్తగా కొట్టి, విడివిడిగా డబ్బాల్లో పెట్టే నాణేలకు ఇది అందుతుంది. పాత రూపాయికి అందే మాట కాదు.

స్థితికీ అరుదుకీ ముడిపెట్టే పొరపాటు కొత్తవాళ్లలో ఎక్కువ. 1911 నాటి అయిదో జార్జి రూపాయి కథ చూడండి. రాజు వస్త్రం మీద ఉన్న ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా పడి, పందిలా ఉందని జనం అభ్యంతరపెట్టారు. సుమారు 94 లక్షలు కొడితే, దాదాపు 7 లక్షలే బయటకు వెళ్లాయి. మిగిలినవి కరిగించారు. 1912 నుంచి ఏనుగును సరిదిద్దారు. 'పిగ్ రూపీ' అని సేకర్తలు పిలుచుకునే ఆ 1911 నాణెం అరిగినా గిరాకీ ఉన్నదే. సూరత్‌కే వస్తే, 1657లో షాజహాన్ జబ్బుపడ్డప్పుడు గుజరాత్‌లో ఉన్న కొడుకు మురాద్ బక్ష్ తానే పాదుషానని ప్రకటించుకుని, సూరత్‌ను దోచి, ఇక్కడి టంకశాలలో తన పేరుతో రూపాయలు కొట్టించాడు. కొన్ని నెలల వైభవం అది. తర్వాత అన్న ఔరంగజేబు అతన్ని బంధించి, చివరకు చంపించాడు. ఆ రూపాయి కొనేవాడు చరిత్రలోని ఆ కొద్ది నెలల కోసం కొంటాడు. మెరుపు తర్వాతి మాట.

సానపట్టే ఊళ్లో సానపట్టకూడనిది

సూరత్‌లో ఏ మూల నిలబడినా ఎవరో ఒకరు ఏదో ఒకదానికి మెరుగు పెడుతుంటారు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే వెళ్తాయని ఇక్కడి వ్యాపారులు చెప్పుకుంటారు. మహిధర్‌పురా వీధుల్లో తెల్ల కాగితం పొట్లం విప్పి, కంటికి లూప్ ఆనించి రాయిని చూసే మనుషులు పగలంతా కనిపిస్తారు. వజ్రానికీ గ్రేడులున్నాయి. రంగుకు డి నుంచి జడ్ దాకా అక్షరాలు, మచ్చలకు వేరే మెట్లు, చూడటానికి పది రెట్ల లూప్. రాయిలో గీత ఉంటే మళ్లీ సానపట్టి గ్రేడు పెంచుకోవచ్చు. కొంత బరువు పోయినా విలువ పెరుగుతుంది.

నాణెం దగ్గర ఇది పూర్తిగా ఎదురు తిరుగుతుంది. మెరుగు పెట్టిన మరుక్షణం గ్రేడు పోతుంది. ఎందుకంటే ఇందాక చెప్పిన సన్నటి గీతలే దాని మెరుపు. రుద్దితే అవి చెరిగిపోతాయి. ఇక తిరిగి రావు. రుద్దిన నాణెం తళతళలాడుతుంది నిజమే, కానీ దీపం కింద తిప్పితే ఆ వెలుగు కదలదు. చచ్చిన తెలుపులా నిలబడిపోతుంది. గ్రేడరు చీటీ మీద 'క్లీన్డ్' అని రాస్తాడు. అంతే సంగతులు.

మన ఇళ్లలో జరిగేది ఇదే కదా. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి మగ్గాల పనికి వలస వచ్చిన మన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపింది. ఆ ఇళ్లలోనైనా, మన ఊళ్లలోనైనా, నానమ్మ దాచిన విక్టోరియా రూపాయలు పండక్కి బయటికి తీస్తే మొదట పడేది చింతపండు గుజ్జులోనే. లేదంటే కుంకుడు రసం, విభూతి. గుజరాతీ ఇళ్లలో ధన్‌తేరస్ నాడు లక్ష్మీపూజకు పెట్టే వెండి నాణేలను కడుగుతారు. భక్తితో చేసే పని అది, తప్పనడానికి నాకు నోరు రాదు. పూజకు ఈ ఏటి కొత్త వెండి బిళ్ల పెట్టి, పాత రూపాయిని దాని నల్లటి పొరతోనే ఉండనివ్వమని మాత్రం అడుగుతాను. వెండి మీద ఏళ్ల తరబడి గాలికి ఏర్పడిన ఆ పొర దుమ్ము కాదు. కొన్ని నాణేల మీద నీలం, ఊదా, బంగారు రంగుల్లో దిగిన పొరకు సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. రాగి మీద పచ్చగా పెరిగే కిలుము వేరు. అది లోహాన్ని తింటుంది. దాన్ని తెలిసినవాళ్లకు చూపించాలి.

గొలుసుకు వేయడానికి వెనక టాకా పెట్టిన రూపాయిలు ఇంకో బాధ. కొక్కెం తీయించేసినా ఆ చోటు దీపం కింద దాగదు. చిల్లు పొడిచిన కాసు అంతే. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బముల్లో ఏళ్లు ఉంచితే ఆ ప్లాస్టిక్ నుంచి జిగురు దిగి నాణెం పచ్చబడుతుంది. ఇవన్నీ 'డిటెయిల్స్' చీటీకి దారులే. ఒక సంగతి మరిచిపోకండి. చీటీ మీద ఏం రాసినా మెడలో వేసుకున్న కాసు అమ్మమ్మ కాసే. అమ్మే ఉద్దేశం లేనివాళ్లకు ఈ అంకెలతో పనే లేదు.

కొలమానం అందని చోట

యంత్రం కొట్టిన నాణేనికి షెల్డన్ మెట్లు చక్కగా సరిపోతాయి. అచ్చు, బిళ్ల ఒకే కొలత. ప్రతి నాణెం ఒకే బొమ్మతో మొదలవుతుంది, అక్కడి నుంచి ఎంత జారిందో చూస్తే చాలు. మొఘల్ రూపాయి అలా పుట్టలేదు. వెండిని తూకానికి కోసి బిళ్ల చేసి, కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి, సమ్మెటతో కొట్టారు. అచ్చు బిళ్ల కన్నా వెడల్పు. కాబట్టి అచ్చులో ఉన్న రాతంతా ఏ ఒక్క రూపాయి మీదా సాధారణంగా పడదు. ఒకదాని మీద ఊరి పేరు నిండుగా పడి హిజ్రీ సంవత్సరం అంచు అవతలికి పోతుంది. మరోదాని మీద సంవత్సరం ఉండి ఊరి పేరు సగమే.

ఇక్కడి సేకర్త మొదట అడిగేది అదే. ఊరు కనిపిస్తోందా, ఏడు కనిపిస్తోందా, పాదుషా పేరు పూర్తిగా ఉందా? కొద్దిగా అరిగినా మూడూ ఉన్న సూరత్ రూపాయి, కళకళలాడుతూ సంవత్సరం లేని సూరత్ రూపాయి కన్నా మేలు. ఫ్లోరిడా అంకె రెండోదానికే ఎక్కువ వేయవచ్చు. దాని దృష్టిలో అది తక్కువ అరిగింది కదా. ఇది గ్రేడరు తప్పు కాదు. అమెరికన్ సెంటు కోసం చేసిన కొలతతో సూరత్ సమ్మెట పనిని కొలవడంలో వచ్చిన చిక్కు.

ఈ చిక్కుకు దారి వాళ్ల దగ్గరే ఉంది. గ్రీకు, రోమను నాణేలు కూడా చేత్తో కొట్టినవే కాబట్టి, ఎన్‌జీసీ వాటికి అరుగుదల మెట్టు ఒకటి చెప్పి, అచ్చు ఎలా పడిందో అయిదింటికి, ఉపరితలం ఎలా ఉందో అయిదింటికి విడివిడిగా మార్కులు వేస్తుంది. మొఘల్ రూపాయికీ ఈ పద్ధతి రావాలి. ఇంకా ముందుకు వెళ్లి, ఏ రాత నిండుగా ఉందో, షరాబు గుర్తులు ఎన్నో, ఎక్కడో చీటీ మీద వర్ణనగా రాయాలి. షరాబు గుర్తును మేకుతో పడిన గంటుతో సమానంగా లోపం కింద జమకట్టడం చరిత్రకు అన్యాయం. ఆ రూపాయి నిజంగా బజారులో తిరిగిందనడానికి, ఎవరో పరీక్షించి ఒప్పుకున్నారనడానికి అదే కదా రుజువు.

పైగా చట్టం ఒకటి ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. కాబట్టి ఇంట్లో ఉన్న ఔరంగజేబు రూపాయిని పొట్లం కట్టి విదేశానికి గ్రేడింగు కోసం పంపడం కుదిరే పని కాదు. మన రూపాయిల మంచిచెడ్డలు మన దగ్గరే, ఆ లిపి చదవగలిగినవాళ్ల చేత, ఆ టంకశాల చరిత్ర తెలిసినవాళ్ల చేత తేలాలి. ఆ చదువు ఉన్నవాళ్లు మన వేలం సంస్థల్లో, మ్యూజియాల్లో ఉన్నారు. వాళ్ల తీర్పుకు షరాబు గుర్తుకున్నంత నమ్మకం తెచ్చే ఏర్పాటు బలపడాలి.

డబ్బా ఉంటే చాలు, కళ్లు మూసుకుని కొనవచ్చన్నదీ నిజం కాదు. సంస్థల పేరుతో నకిలీ స్లాబులు ఏళ్లుగా బజారులో తిరుగుతున్నాయి. అంకె నచ్చనివాళ్లు డబ్బా పగలగొట్టి, అదే నాణేన్ని మళ్లీ పంపి, ఒక మెట్టు ఎక్కువ తెచ్చుకోవడం అమెరికాలో అందరికీ తెలిసిన ఆట. ఒకే నాణేనికి ఒకసారి 64, మరోసారి 65 వస్తుందంటే అది కొలత కాదు, అభిప్రాయం. మంచి అనుభవం ఉన్నవాళ్ల అభిప్రాయమే, కాదనను. కానీ 64కీ 65కీ ధరలో పెద్ద అంతరమున్నప్పుడు కొనేవాడు తన కళ్లతో కూడా చూడాలి.

మన దగ్గర ఇంకో రకం మోసం ఎక్కువ. 'ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షలు' అనే ప్రకటనలు చూసి జనం ముందస్తు రుసుము, పన్ను, కమీషను అంటూ డబ్బు కట్టి పోగొట్టుకుంటున్నారు. తన పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని, తాను అలాంటి లావాదేవీల్లో లేనని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. నాణెం కొంటామని మీ దగ్గరే డబ్బు అడిగేవాడు కొనేవాడు కాదు.

ఇంట్లో పాత రూపాయిలు ఉన్నవాళ్లు చేయాల్సింది కొద్దే. అంచులతో పట్టుకోండి. చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, రెండు వైపులా ఫొటో తీయండి. ఒక్కో నాణేన్ని విడిగా, గట్టి ప్లాస్టిక్ గుళికలోనో, ఆమ్లం లేని కాగితం కవరులోనో పెట్టండి. ఎవరి నుంచి వచ్చింది, ఏ ఊళ్లో దొరికింది, ఎప్పటి నుంచి ఇంట్లో ఉందన్నది కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. నేలలో తవ్వితే దొరికినవైతే సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. అమ్మాలనుకున్నప్పుడు ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపి, ఎంతిస్తారని అడిగే ముందు ఈ మూడు ప్రశ్నలు వేయండి: దీని మీద ఊరి పేరు ఎక్కడుంది, ఏ సంవత్సరం, ఈ చిన్న పోట్లు ఏమిటి? చదివి చూపించగలిగినవాళ్లతో బేరం మొదలుపెట్టండి.